డబ్బాలో ఒక మాత్ర ఎక్కువ

పరిశోధన కేంద్రం మూడో అంతస్తులో, వరండా చివర రెండు తలుపులు దాటితే ఎలుకల గది వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిని చూసుకుంటున్న మనిషిని అక్కడ అందరూ కొలతలాయన అంటారు. ఎలుక చర్మం కింద బఠానీ గింజంత గడ్డ ఉన్నా సరే, వేలితో తడిమి, కాలిపర్స్ అనే కొలత పరికరం దవడల మధ్య మెల్లగా పట్టి, పొడవూ వెడల్పూ మిల్లీమీటరులో పదో వంతు దాకా చెబుతాడు. కొత్తగా చేరిన పరిశోధకులు ఒకే ఎలుకను మూడుసార్లు కొలిచి మూడు అంకెలు రాస్తారు. ఆయన ఒక్కసారే కొలుస్తాడు. చెయ్యి వణకదు, అంకె మారదు.

ఇంట్లోనూ ఆయన తీరు అదే. గోడకు మేకు కొట్టాలన్నా టేపు తీసి కొలిచి, పెన్సిలుతో చుక్క పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసి అప్పుడు కొడతాడు. "మా ఆయన నవ్వినా కొలుచుకునే నవ్వుతారు" అని భార్య అందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంటుంది. కుళాయిలో నీళ్ళు రానివాడూ, వచ్చిన నీళ్ళు బురదగా ఉన్నవాడూ ముందుగా విరుచుకుపడేది ఆవిడ మీదే. పద్దెనిమిదేళ్ళుగా ఆ కిటికీలోంచి వచ్చే అరుపులన్నీ విని, కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని, "మీ కోపం నాకు అందిందండీ, ఇంక చిరునామా చెప్పండి" అనేది. చాలామంది ఆ మాటకే చల్లబడి నవ్వేసేవాళ్ళు. మధ్యాహ్నం తీసుకెళ్ళిన భోజనం సగం మిగిలి ఇంటికి వస్తే, "పొద్దున్నించీ తిట్లు తింటూనే ఉన్నాను, ఇంక ఆకలెక్కడిది?" అనేది. రాత్రిళ్ళు నిద్రలో పళ్ళు కొరికేది. పొద్దున్నే దవడలు నొప్పిగా ఉన్నాయంటూ రెండు చేతులతో నొక్కుకునేది. అదంతా ఉద్యోగంలో మామూలే అనుకున్నారు ఇద్దరూ.

యాభయ్యో ఏట ఆవిడ ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. కనిపెట్టింది ఆవిడే, స్నానం చేస్తూ. పరీక్షలన్నీ అయ్యాక క్యాన్సరని తేలింది. ఇంకా ఊపిరితిత్తులకీ ఎముకలకీ పాకలేదన్నారు. ముందు మూడు వారాలకొకసారి మందు ఎక్కించి గడ్డను చిన్నది చేసి, ఆరు విడతలయ్యాక ఆపరేషన్ చేస్తామని క్యాన్సరు వైద్యురాలు చెప్పింది. మొదటిసారి స్కాన్‌లో గడ్డ కొలత నలభై ఆరు మిల్లీమీటర్లు. ఆ అంకె వినగానే కొలతలాయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంత దూరం తనంతట తానే ఏర్పడింది. అది చూసి ఆవిడ ఆ చేతిని పట్టుకుని మూసేసింది. "నేను మీ ఎలుకని కాదు" అంది నవ్వుతూనే.

అదే కాలంలో ఎలుకల గదిలో ఒక కొత్త ప్రయోగం నడుస్తోంది. దాన్ని నడిపే శాస్త్రవేత్తను అందరూ మేడమ్ అంటారు. నలభై దాటని మనిషి, మాట త్వరగా, నడక ఇంకా త్వరగా. ప్రయోగం సంగతి చెప్పడానికి తేలిక. ఎలుకలన్నిటికీ ఒకే రకం క్యాన్సరు కణాలు ఎక్కిస్తారు. తర్వాత వాటిని మూడు గుంపులు చేస్తారు. మొదటి గుంపు బోనుల్లో హాయిగా ఉంటుంది. రెండో గుంపులో ఒక్కో ఎలుకనీ రోజూ రెండు గంటలు, గాలి ఆడే రంధ్రాలున్న సన్నని ప్లాస్టిక్ గొట్టంలో పెడతారు. నొప్పి ఉండదు, కానీ అటూ ఇటూ తిరగడానికి వీలుండదు. మూడో గుంపునీ గొట్టాల్లోనే పెడతారు, కాకపోతే వాటి తాగే నీళ్ళలో గుండె దడకి మనుషులు వాడే పాతకాలపు మందొకటి కలుపుతారు. ఎడతెగని ఒత్తిడి గడ్డ మీద ఏం చేస్తుంది, ఆ ఒత్తిడిలో ఒంట్లో ఊరే రసాయనాన్ని ఈ మందు అడ్డుకోగలదా అన్నదే ప్రశ్న.

ఎలుకలను గొట్టాల్లోకి పంపే పని కొలతలాయనది. తోక మొదలు పట్టి, "పదమ్మా, రెండు గంటలే" అంటూ తల లోపలికి పెట్టేవాడు. మొదటి వారం పెనుగులాడేవి. తర్వాత పెనుగులాట మానేసి, కళ్ళు పెద్దవి చేసుకుని అలా ఉండిపోయేవి. రెండు గంటలయ్యాక బయటికి తీస్తే బొచ్చంతా తడిగా, రేగిపోయి ఉండేది. బోనులో ఒక మూలకి పోయి ముడుచుకునేవి.

అయిదో వారం అంకెలన్నీ ఒక చోటికి చేర్చినప్పుడు మేడమ్ బల్ల మీద అరచేత్తో చరిచింది. గొట్టాల్లో పెట్టిన ఎలుకల్లో గడ్డలు దాదాపు రెట్టింపు. ఊపిరితిత్తులకి పాకినవీ ఎక్కువే. మందు కలిపిన నీళ్ళు తాగినవాటిలో మాత్రం గడ్డలు హాయిగా ఉన్న ఎలుకలతో సమానం.

"చూశారా! మీ కొలతలే ఇవి. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?" అంది మేడమ్.

ఆయన తలూపాడు. రెండో గుంపు అంకెలని మాత్రం వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటి మెట్లెక్కుతుండగానే పై నుంచి అరుపులు వినిపించాయి. తల్లీకూతుళ్ళ గొడవ. కూతురికి ఇరవై ఏళ్ళు. ఇంట్లో చిట్టి అంటారు. తల్లికి మందు ఎక్కించడం మొదలైనప్పటినుంచీ కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది.

"నాకు పక్కన కాపలా కూర్చునే మనిషి అక్కర్లేదు, కాలేజీకి వెళ్ళే కూతురు కావాలి!" అంటోంది తల్లి.

"నువ్వు బాత్రూములో పడిపోతే లేపేది మా ప్రొఫెసరా?" అంటోంది కూతురు.

"పడితే నేనే లేస్తాను. నువ్వు పరీక్ష తప్పితే ఎవరు లేపుతారే?"

అది కొత్త గొడవేమీ కాదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎక్కువై పడే గొడవ. అరగంటలో ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని టీ తాగుతారు. అయితే ఆ రోజు కొలతలాయన చెవులకి అది అలా వినిపించలేదు. భార్య మెడ మీద ఉబ్బిన నరం కనిపించింది. గొట్టంలో ఎలుక కళ్ళు కనిపించాయి.

కూతుర్ని మెట్ల మీదికి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"మీ అమ్మతో అలా అరుస్తావా? నీకేమైనా తెలుసా? రోజూ నా కళ్ళతో చూస్తున్నాను నేను. మనసుకి కష్టం కలిగితే గడ్డ పెరుగుతుంది. రెట్టింపు అవుతుంది. నువ్వు అరిచిన ప్రతిసారీ మీ అమ్మ లోపల అది పెరుగుతోంది."

చిట్టి మొహంలో రక్తం చుక్క లేదు. "నా వల్లా?" అంది.

కాదు అని అప్పుడే అనాల్సింది. ఆయన అనలేదు. "ఇక మీద జాగ్రత్తగా ఉండు" అన్నాడు.

ఆ మాట తర్వాత ఆ పిల్ల మారిపోయింది. మర్నాటినుంచి కాలేజీకి వెళ్ళింది. వచ్చి గిన్నెలు చప్పుడు కాకుండా కడిగింది. తల్లి ఏమన్నా "సరేనమ్మా" అంది. నవ్వమంటే నవ్వింది. గదిలో తలుపు వేసుకుని ఏం చేసేదో ఎవరికీ తెలియదు.

"దీనికేమైందండీ?" అని భార్య వారం తిరక్కుండానే అడిగింది. "కొట్టినా ఇంత మెత్తబడే పిల్ల కాదు. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"చదువు ధ్యాసలో పడిందేమో" అన్నాడు ఆయన, వార్తాపత్రిక మడత పెడుతూ.

ఆ వార్తాపత్రికని కూడా ఆవిడ కంటపడకుండా దాచేశాడు. టీవీలో వార్తలు మానిపించాడు. ఆవిడ అక్క ఫోను చేసి ఇంట్లో గొడవలు చెప్పబోతే, "వదినా, దానికి ఇవన్నీ చెప్పకండి" అని వరండాలోకి వెళ్ళి బతిమాలాడు. ఆఫీసుకి ఆర్నెల్ల సెలవు చీటీ కూడా ఆయనే రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేది. "ఎవరైనా వచ్చి నన్ను నాలుగు తిట్టిపోతే బాగుండును. నోరు చచ్చుబడిపోతోంది" అంది ఒకసారి. ఆయనకి నవ్వు రాలేదు.

మూడో విడత ముందు స్కాన్ తీశారు. రెండో విడత ముందు నలభై మూడున్న గడ్డ ఇప్పుడు నలభై నాలుగు.

"ఇది పెరిగినట్టు కాదు" అంది వైద్యురాలు. "స్కాన్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. మందు పని చేయడానికి ఇంకా సమయముంది."

ఒక మిల్లీమీటరు అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ తిట్లు, నిద్రలో కొరికిన పళ్ళు, కూతురి అరుపులు, అన్నీ కలిసి ఆ ఒక్క మిల్లీమీటరులో చేరి కూర్చున్నాయనిపించింది. ఇంటిని ఎంత నిశ్శబ్దం చేసినా లోపలి దిగులు తియ్యడం తన వల్ల కాదు. అది తీసే మందు ఒకటి ఉంది. దాన్ని రోజూ తన చేత్తోనే ఎలుకల నీళ్ళలో కలుపుతున్నాడు.

ఎలుకల గదిలోని మందు ముట్టుకునే మనిషి కాదు ఆయన. లెక్క తప్పడం ఒంటికి పడదు. రెండు వీధుల అవతల ఒక చిన్న క్లినిక్కు ఉంది. అక్కడికి వెళ్ళి, గుండె దడగా ఉంటోందనీ, చేతులు వణుకుతున్నాయనీ చెప్పాడు. అబద్ధం చెబుతున్నాననే అనుకున్నాడు. డాక్టరు నాడి పట్టి చూసి, చేతులు ముందుకి చాపమంటే, రెండు చేతులూ నిజంగానే వణికాయి. ఆయన వాటి వంక ఎవరివో అన్నట్టు చూశాడు.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగాడు డాక్టరు.

"మామూలే" అన్నాడు.

"ఉబ్బసం గానీ, ఆయాసం గానీ ఎప్పుడైనా ఉందా?"

"లేదు."

నిజమే చెప్పాడు. ఆయనకి లేదు. అడిగింది తన గురించి అనుకునే చెప్పాడు. ఇంట్లో ఒక బల్ల సొరుగులో, ఇరవై ఏళ్ళకి పైగా వాడని పీల్చే మందు పరికరం ఒకటి పడి ఉందని ఆ క్షణంలో గుర్తు రాలేదు. భార్యకి చిన్నప్పుడు పిల్లికూతల ఆయాసం ఉండేది. పెళ్ళయిన కొత్తలో చలికాలం రెండు మూడుసార్లు వచ్చి, తర్వాత మాయమైంది. మాయమైన రోగమే కదా అని ఇంట్లో అందరూ దాన్ని ఎప్పుడో మరిచిపోయారు.

భార్య మాత్రలన్నీ పూటల వారీగా గళ్ళున్న డబ్బాలో సర్దేది ఆయనే. వాంతులకి, కడుపు మంటకి, బలానికి. క్లినిక్కులో డాక్టరు రాసిచ్చిన ఆ గుండె దడ మాత్రని పొద్దుటి గడిలో ఒకటి, సాయంత్రం గడిలో ఒకటి కొత్తగా చేర్చాడు.

"ఈ గులాబీ రంగుది ఏమిటి?" అంది ఆవిడ మొదటిరోజు.

"కడుపు మంటకి. మార్చి ఇచ్చారు."

ఆవిడ ఇంకో మాట అడగలేదు. ఆయన లెక్క తప్పడని ఆవిడకి తెలుసు. నోట్లో వేసుకుని నీళ్ళు తాగేసింది. ఆయన ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

మొదటి వారం గడిచేసరికి ఆవిడ నెమ్మదించింది. కిటికీ దగ్గర కూర్చుంటే గంటలు గంటలు కూర్చునేది. గొంతు పెంచేది కాదు. "ఒళ్ళంతా బరువుగా ఉందండీ, చేతులు చల్లగా ఉంటున్నాయి" అంటే, అది ఎక్కించిన మందు వల్లేనని ఇద్దరూ అనుకున్నారు. అంటే, ఆవిడ అనుకుంది. ఆయన మాత్రం పనిచేస్తోందని లోలోపల సంబరపడ్డాడు. మెట్లెక్కితే ఆవిడ మధ్యలో ఒకసారి ఆగేది. తర్వాత రెండుసార్లు ఆగడం మొదలుపెట్టింది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ఆయన గది లోపల ఉన్నాడు. ఫోను బయట పెట్టెలో ఉంది. ఎలుకల గదిలోకి ఫోను తీసుకెళ్ళకూడదు. మేడమ్ స్వయంగా వచ్చి అద్దం మీద తట్టింది.

"మీ అమ్మాయి ఆఫీసుకి ఫోన్ చేసింది. మీ ఆవిడకి ఊపిరాడట్లేదట. ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. వెళ్ళండి, ఇదంతా నేను చూసుకుంటాను."

చేతి తొడుగులతోనే వీధిలోకి వచ్చేశాడు. ఆస్పత్రి గుమ్మం దగ్గర వాటిని చూసుకుని పీకి పారేశాడు.

అత్యవసర విభాగంలో భార్య మంచం మీద కూర్చుని ముందుకి వంగి ఉంది. మొహానికి మాస్కు, దానిలోంచి పొగలాంటి మందు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రతి ఊపిరికీ ఈల వేసినట్టు చప్పుడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. చిట్టి ఆవిడ వీపు రాస్తూ నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు. కుర్ర డాక్టరొకడు చార్టు చేతిలో పట్టుకుని ఆయన వైపు తిరిగాడు.

"మీరేనా భర్త? పీల్చే మందు ఇస్తుంటే తెరిపి రావాల్సినంత రావట్లేదు. నాడి చూస్తే నలభై ఎనిమిది. ఇంత ఆయాసంలో నూట ఇరవై దాటాలి. మీ అమ్మాయి మాత్రల డబ్బా తెచ్చింది. అన్నీ చార్టులో ఉన్నాయి, ఇదొక్కటి లేదు."

అరచేతిలో గులాబీ రంగు మాత్ర.

"ఇది ఎవరు రాశారు?"

తెలియదని ఒక్క మాట అంటే చాలు, అప్పటికి గండం గడిచేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. ఆవిడ ఈల వినిపిస్తూనే ఉంది.

"నేనే" అన్నాడు. "నాకు రాయించుకున్నాను. ఆవిడకి ఇచ్చాను. రోజుకి రెండు. ఇది గుండె దడ మందు."

డాక్టరు ఆ మందు పేరు అడిగి, విని, ఇంకేమీ అనకుండా లోపలికి పరిగెత్తినట్టే వెళ్ళాడు. వేరే మందు తెచ్చి నరంలోకి ఇచ్చారు. ఇంకొకటి సన్నగా ఎక్కించారు. గంటన్నర తర్వాత ఈల తగ్గింది. రెండు గంటలకి పెదవుల రంగు తిరిగింది. ఆ రెండు గంటలూ ఆయన గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నా కూర్చునేవాడు కాదు.

రాత్రికి వార్డులోకి మార్చారు. మర్నాడు పొద్దున్న మాస్కు తీశాక భార్య ఆయన్ని దగ్గరికి పిలిచింది. చిట్టి కాళ్ళ వైపు స్టూలు మీద ఉంది.

"ఎన్ని రోజులు?" అంది. గొంతు బొంగురుగా ఉంది.

"పందొమ్మిది... నిన్నటితో ఇరవై."

"అంటే దగ్గర దగ్గర నలభైసార్లు. నా మొహం చూస్తూ నా చేతిలో పెట్టారు."

ఆయన తల దించుకున్నాడు.

"ఎందుకు?"

చెప్పాడు. గొట్టాల సంగతీ, రెట్టింపైన గడ్డల సంగతీ, నీళ్ళలో కలిపిన మందు సంగతీ, నలభై నాలుగు అనే అంకె సంగతీ. చెబుతూ చెబుతూ, మెట్ల మీద కూతురితో అన్న మాట కూడా చెప్పేశాడు. ఆ మాట ఎందుకు బయటికి వచ్చిందో ఆయనకే తెలియదు. ఒకటి మొదలుపెట్టాక మిగతాది లోపల ఆగలేదు.

అప్పటిదాకా అలసటగా వింటున్న ఆవిడ దిండు మీంచి లేచి కూర్చుంది.

"దాన్ని ఏమన్నారూ?"

ఆయన చిట్టి వైపు చూశాడు.

"నా మాత్ర సంగతి నేను తర్వాత చూస్తాను. ఆ పిల్లకి ఏం చెప్పారండీ మీరు? నెలరోజులుగా అది ఇంట్లో దొంగలా కాళ్ళ మునివేళ్ళ మీద నడుస్తుంటే, ఏ వెధవ దాని మనసు విరిచాడా అని నేను రోజూ కుళ్ళి చచ్చాను. దిగులు దిగులు అంటున్నారే, నాకు దిగులంటే అది!"

పక్క మంచం దగ్గరి నర్సు ఇటు చూసింది. ఆవిడ దగ్గు తెరలో కాసేపు ఆగి, గొంతు తగ్గించింది.

"నన్ను అడగాలనిపించలేదా? ఇలా ఉందట, నాకు భయంగా ఉందని ఒక్కసారి అనుంటే ఏం పోయేది?"

"నువ్వు భయపడతావని..."

"నేను భయపడట్లేదని ఎవరు చెప్పారు మీకు? మీకు కనిపించకుండా భయపడుతున్నాను. మీరు నాకు కనిపించకుండా భయపడుతున్నారు. బాగుంది మన కాపురం."

చిట్టి అప్పుడు ఏడ్చింది. నెల రోజుల ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. ఆయన వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోతే, పక్కకి జరిగింది.

ఆ మధ్యాహ్నం క్యాన్సరు వైద్యురాలు వచ్చింది. జరిగింది విని ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడింది కూడా, కానీ గొంతు పెంచలేదు.

"ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. మీ అమ్మాయి ఇంకో పావుగంట ఆలస్యం చేసుంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అది మీకు తెలియాలి."

"తెలిసింది" అన్నాడు.

"మీరు ఎలుకల్లో చూసింది అబద్ధం కాదు. చాలాచోట్ల చూశారు. ఒత్తిడిలో ఊరే రసాయనాలు గడ్డకి రక్తనాళాలు పెరిగేలా, కణాలు పాకేలా చేస్తాయని ఎలుకల్లో తేలింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి అంత తేటగా లేదు. కొన్ని చోట్ల కొంచెం సంబంధం కనిపించింది, కొన్ని చోట్ల ఏమీ కనిపించలేదు. ఆ మాత్రని కూడా కొందరు రోగులకి ఇచ్చి చూస్తున్నారు, గుండె చూసి, ఊపిరితిత్తులు చూసి, వాళ్ళు ఒప్పుకున్నాకే. ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక మనిషిని చూపించి, ఈమె గడ్డ ఫలానా దిగులు వల్ల పెరిగింది అని ఎవరూ చెప్పలేరు. నేను చెప్పలేను. మీ కాలిపర్స్ కూడా చెప్పలేదు."

మళ్ళీ అంది: "దిగులు తగ్గితే మనిషికి నిద్ర పడుతుంది, తిండి సయిస్తుంది, వైద్యం తట్టుకుంటుంది. అందుకోసం తగ్గించుకోవాలి. అంతేగానీ దిగులుపడ్డావు కాబట్టి రోగం ముదిరిందని అంటే, అది రోగికి ఇంకో రోగం."

నాలుగో రోజు ఆస్పత్రి నుంచి పంపించారు. భార్య ఇంటికి రాలేదు. కూతుర్ని తీసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. "ఎన్నాళ్ళని అడక్కండి" అని మాత్రం అంది. మాత్రల డబ్బా తనే పట్టుకెళ్ళింది.

కొలతలాయన పనిలోకి వెళ్ళి, మేడమ్ గదిలో నిలబడి జరిగిందంతా చెప్పాడు. గదిలో మందు తగ్గలేదనీ, కావాలంటే తూచి చూసుకోమనీ కూడా అన్నాడు. మేడమ్ చేతిలో పెన్ను కింద పెట్టింది.

"మీ ఆవిడకి వైద్యం జరుగుతోందని నాకు తెలుసు" అంది. "తెలిసీ, ఆ రోజు మీ ముందు బల్ల చరిచాను. నాకు అంకెలే కనిపించాయి. మీరు చేసింది మాత్రం క్షమించేది కాదు."

"నేను క్షమించమని అడగట్లేదమ్మా."

గొట్టాల పని వేరేవాళ్ళకి అప్పగిస్తానంది మేడమ్. ఆయన వద్దన్నాడు. తనకన్నా నెమ్మదిగా వాటిని పట్టుకునేవాళ్ళు ఆ అంతస్తులో లేరని ఇద్దరికీ తెలుసు. ప్రయోగం ఇంకా రెండు వారాలుంది. ఆ రెండు వారాలూ చేశాడు. ఆ పని పూర్తయ్యాక మాత్రం ఇక గొట్టాల జోలికి పోనని కాగితం రాసిచ్చాడు.

ఇంట్లో ఒక్కడే. వదినగారింటికి రోజూ ఫోను చేసేవాడు. భార్య మాట్లాడేది, రెండే రెండు ముక్కలు. నాలుగో విడతకి కూతురితో వెళ్ళొచ్చింది. స్కాన్ తీశారని తెలుసు. కొలత ఎంతో ఎవరూ చెప్పలేదు. ఆయన నోటి దాకా వచ్చిన ప్రశ్నని మింగాడు. "భోజనం చేశావా?" అని అడిగాడు.

"చేశాను. అక్కతో పోట్లాడి మరీ చేశాను" అంది. ఆ గొంతులో పాత పదును వినిపించి, ఫోను పెట్టేశాక ఆయన వంటింట్లోకి వెళ్ళి తనూ కంచం పెట్టుకున్నాడు.

ముప్ఫై ఒకటో రోజు ఇద్దరూ తిరిగి వచ్చారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి మాట తీసుకుంది. తన ఒంటి సంగతి తనకి తెలియకుండా ఏదీ జరగకూడదు. ఇంట్లో ఎవరికి భయం వేసినా పైకి చెప్పాలి, ఎంత సిగ్గుచేటు భయమైనా. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో తను ఆఫీసుకి వెళ్తుంది. మూడిటికీ ఆయన ఒప్పుకున్నాడు. మూడోదానికి ఒప్పుకునేటప్పుడు గుటక మింగడం ఆవిడ చూసింది. "అదిగో, భయం వేసింది. చెప్పండి మరి" అంది.

"భయంగా ఉంది" అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ క్షమించిందని చెప్పలేం. మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకునే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం చూసి తీసుకునేది. అది ఆయనకి తెలుసు. తెలిసి గ్లాసు పట్టుకుని నిలబడేవాడు.

ఆరు విడతలూ అయ్యాక ఆపరేషన్ రోజు వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడని లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద తండ్రీ కూతుళ్ళిద్దరే. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ. ఆ నెలల్లో చిట్టి ఆయనతో మాట్లాడుతూనే ఉంది గానీ, పని ఉంటేనే మాట్లాడేది. పది దాటాక, ఎదుటి గోడ వైపు చూస్తూనే అడిగింది.

"నాన్నా, ఎప్పుడో ఒకరోజు నిజమని తేలితే? మనుషుల్లో కూడా అంతేనని. అప్పుడేమంటావు?"

ఈ ప్రశ్న ఎన్నాళ్ళుగా ఆ పిల్ల లోపల ఉందో ఆయనకి అర్థమైంది. కాదు, నిజం కానే కాదు అని ఒట్టు వేసి చెప్పొచ్చు. మళ్ళీ ఇంకో అబద్ధం.

"తేలొచ్చు" అన్నాడు. "తేలదని నేను చెప్పలేను. కానీ మా ఎలుకల్ని గొట్టాల్లో పెట్టింది వాటి పిల్లలు కాదమ్మా. నేను. ఇక్కడ కూడా అంతే. నువ్వు మీ అమ్మ మీద అరిచింది ఆవిడని వదిలి వెళ్ళలేక. అది కొలవడానికి నా దగ్గర ఏ పరికరమూ లేదు. లేకుండానే కొలిచి, నీ నెత్తిన వేశాను. అది తప్పు. తేలినా తేలకపోయినా తప్పే."

చిట్టి గోడ మీంచి చూపు తిప్పింది. "నాకు ఇంకా ఒక్కోసారి అలానే అనిపిస్తుంది" అంది.

"తెలుసు."

"నువ్వు చెప్పినంత మాత్రాన పోదు."

"తెలుసు. అనిపించినప్పుడల్లా నా దగ్గరికొచ్చి నన్ను తిట్టు."

ఆ పిల్ల ముక్కు చీదుకుంది. నవ్వో ఏడుపో తేల్చుకోలేని చప్పుడొకటి చేసింది. కొంచెం ఇటు జరిగింది. మధ్యలో ఖాళీ పూర్తిగా పోలేదు.

పన్నెండుంబావుకి శస్త్రవైద్యుడు బయటికి వచ్చాడు. గడ్డ మొత్తం తీసేశామన్నాడు. మందుకి బాగానే లొంగిందనీ, చంకలో రెండు గ్రంథులు మాత్రం అనుమానంగా ఉన్నాయనీ, పరీక్షకి పంపామనీ, పది రోజుల్లో తెలుస్తుందనీ చెప్పాడు. ఎన్ని మిల్లీమీటర్లని ఆయన అడగలేదు. అడిగింది చిట్టి. "ఇరవై ఒకటి" అన్నాడు వైద్యుడు. ఏ మందు వల్ల, ఏ రోజుల వల్ల, ఎవరి వల్ల తగ్గిందో ఆ అంకెలో లేదు.

"మెలకువ వచ్చింది. ఒక్కరే వెళ్ళండి, అయిదు నిమిషాలు" అంది నర్సు తలుపు తీసి.

చిట్టి తండ్రి వైపు చూసింది.

"నువ్వు వెళ్ళు" అన్నాడు. "వెళ్ళి కాలేజీ మానేసి ఇక్కడ కూర్చున్నానని చెప్పు. నాలుగు తిడుతుంది."

ఆ పిల్ల లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆయన లేచి, తలుపుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. లోపలి నుంచి మాటలు తెలియడం లేదు. మత్తు వదలని గొంతొకటి ఏదో సణుగుతోంది, ఇంకో గొంతు దానికి ఎదురు చెబుతోంది.